హైడ్రోజన్ గడి ఖాళీగానే ఉంది

పై అంతస్తు, రసాయన శాస్త్రం గది
వానలు మొదలైన వారం

తక్కెడకు,

వదిన దగ్గర్నుంచి ఉత్తరమేమిటి, ఫోను పోయిందా అని కంగారు పడకు. ఫోను నిక్షేపంలా ఉంది. నాకే దానితో మాట్లాడాలంటే విసుగు పుట్టింది. రోజంతా బడిలో అరిచి, ఇంటికొచ్చి మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుని అరవడం నావల్ల కాదు. ఇకమీదట ఉత్తరాలే. నువ్వూ రాయి. దాణా మిల్లులో తేమ ఎంత, బూడిద ఎంత అని రాసి రాసి నీ చెయ్యి మామూలు మాటలు మరిచిపోయి ఉంటుంది.

మీ అన్నయ్య కులాసా. కుట్టుమిషను ముందు కూర్చుంటే పక్కింట్లో పెళ్ళి జరిగినా తల తిప్పడు. ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసేది ఆయనే, ఆలస్యమైతే నన్ననకు.

ఈ ఏడు పిల్లలతో పెద్ద పనే పెట్టుకున్నాను. మా పై వరండా గోడ మొత్తం ఆవర్తన పట్టిక గీశాం. ప్రతి గడిలో ఆ మూలకం మన ఒంట్లోకి ఏ తిండి వెంట వస్తుందో అది అతికించాలి. సోడియం గడిలో ఉప్పు పొట్లం. పొటాషియం గడిలో ఎండబెట్టిన అరటి తొక్క, దానికి చీమలు పట్టి ఒకరోజంతా యుద్ధం. అయోడిన్ గడి కోసం ఇద్దరు జుట్లు పట్టుకున్నారు, ఒకత్తి ఉప్పే పెట్టాలంటుంది, ఇంకొకత్తి సముద్రపు చేప బొమ్మ. రాగి గడిలో గుప్పెడు వేరుశెనగ గింజలు అతికిస్తే మర్నాటికి సగం మాయం. సీసం గడిలో ఒక పిల్ల "లోపలికి రాకూడదు" అని బోర్డు రాసి పెట్టింది. దానికి నేను పూర్తి మార్కులు వేశాను.

నీకు గుర్తుందా, నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడు నువ్వు తొమ్మిదో తరగతి. ఆడపడుచువని చూడకుండా కూర్చోబెట్టి ఈ పట్టికే బట్టీ పట్టించాను. మిఠాయి ముక్క పంచమంటే దారం పెట్టి కొలిచేదానివి, అప్పుడే నీకు తక్కెడ అని పేరు పెట్టాను.

హైడ్రోజన్ గడి మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. ఇన్నేళ్ళలో ఏ పట్టిక వేసినా మొదటి గడి నేనే పెట్టాను, ఇదీ నేనే పెడతాను. నీళ్ళ చుక్క బొమ్మ కత్తిరించి ఉంచుకున్నాను. గడి కాస్త ఎత్తులో ఉంది, నాకు తీరిక దొరకలేదు, అంతే.

ఒంట్లో కొంచెం నీరసం. రక్తం తక్కువైందని డాక్టరమ్మ ఇనుము మాత్రలు ఇచ్చింది. ఇరవై ఆరో గడి మనల్ని ఏనాడూ మోసం చేయలేదు కదా.

నీ వదిన


దాణా మిల్లు, పరీక్షల గది
జల్లు ఆగిన మధ్యాహ్నం

వదినా,

నీ ఉత్తరం మా గదిలో పెద్ద వింత. కవరు మీద చేతిరాత చూసి మా తూకాల ఆయన "ఏమండీ, పెళ్ళి సంబంధమా?" అన్నాడు. నా వయసుకి సంబంధమేమిటయ్యా, మా వదిన పెట్టే పరీక్ష ఇది అన్నాను.

మాట్లాడాలంటే విసుగా? నీకా? కరెంటు పోయిన రోజున మూడు వీధుల అవతలికి వినబడేలా పాఠం చెప్పిన మనిషివి. సరే, ఉత్తరాలంటే ఉత్తరాలే.

ఈ వారం ఒక గొర్రెల కాపరి రెండు పిల్లల్ని బండి మీద వేసుకొచ్చాడు. ముందు కాళ్ళు బాగానే ఉన్నాయి, వెనక కాళ్ళు ఊగుతున్నాయి. నాలుగడుగులు వేసి కూలబడుతున్నాయి. దాణా తీసుకుని పరీక్ష చేశాను. అందులో రాగి దాదాపు లేదు. గొర్రెలకు రాగి విషమని ఎవరో చెబితే అతను ఖనిజాల పొడి మొత్తానికే మానేశాడట. చెప్పినవాడిదీ పూర్తి అబద్ధం కాదు. గొర్రెకు రాగి కాస్త ఎక్కువైనా ప్రాణం మీదికొస్తుంది, అసలే లేకపోతే కడుపులో పిల్ల నరాలు సరిగా పెరగవు. ఆ పిల్లల సంగతి తర్వాత రాస్తాలే.

ఇనుముతో రక్తం పెరగకపోతే వెంటనే చెప్పు. ఏం తింటున్నావో కూడా రాయి. ఈ కవరుతో పాటు వేయించిన వేరుశెనగ గింజల పొట్లం పంపుతున్నాను. అన్నయ్యకి ఒక్కటి కూడా మిగల్చకుండా కరకరా నమిలేస్తావుగా, ఈసారైనా ఆయనకి కాసిని పెట్టు.

తక్కెడ


స్టాఫ్ రూము, కిటికీ పక్క కుర్చీ
అర్ధ సంవత్సరం పరీక్షల ముందు

తక్కెడకు,

గింజలు అందాయి. పిల్లలకు పంచేశాను, గోడ మీద సగం, కడుపుల్లో సగం.

ఏం తింటున్నావని నన్నా అడుగుతావు? ఒళ్ళో పట్టిక పెట్టుకుని తినే మనిషిని. రాస్తున్నాను, చదువుకో. పొద్దున పాలు: కాల్షియం, ఫాస్ఫరస్. తర్వాత జావ: మెగ్నీషియం, మాంగనీసు. మధ్యాహ్నం మెత్తగా ఉడికించిన ఆకుకూర: ఇనుము. ఉడికించిన గుడ్డు మెదిపి: సల్ఫర్, సెలీనియం. సాయంత్రం అరటిపండు: పొటాషియం. అయోడిన్ ఉప్పులో ఉంది. ఒక్క గడి వదిలానేమో చూపించు.

ఇంత తిన్నా ఇనుము మాత్రలు పని చేయలేదు. రక్తం ఇంకాస్త తగ్గింది, తెల్ల కణాలు కూడా తగ్గాయట. విటమిన్ సూదులు వేశారు, ఆ విటమిను ముందే సరిపడా ఉందని తర్వాత తేలింది. డాక్టరమ్మ మంచిదే, తల గోక్కుంటోంది. వేళ్ళు కొంచెం మొద్దుబారాయి, సుద్దముక్క జారుతోంది. నా అక్షరాలు ఇలా వంకర పోవడానికి కారణం అదే, కుర్చీ కుంటిది కావడం కూడా.

మా హెడ్మిస్ట్రెస్ నిన్న పిలిచి, "మేడం, కింద స్టోరు గదికి మనిషి కావాలి, ఆ మెట్ల బాధ మీకెందుకు?" అంది. ఎంత తీపిగా అడిగిందో! నేను పై అంతస్తు వదిలితే లేబొరేటరీకి తాళం పడుతుంది. వేరే మాస్టారు లేడు, ఉన్న పిల్లలు రసాయన శాస్త్రం పుస్తకంలో చూసి నేర్చుకోవాలి. "మెట్లు నాకు బాధ అని మీకెవరు చెప్పారు?" అని లేచి వచ్చేశాను. ఏడాది చివరిదాకా గడువిచ్చింది. చూద్దాం, ఆ మెట్ల సంగతో నా సంగతో తేలాలి.

నీ వదిన

(కింద, పెన్సిలుతో) చెల్లీ, అన్నయ్యని. కవరు అతికించే ముందు రాస్తున్నా. మీ వదిన గోడ పట్టుకుని నడుస్తోంది. కళ్ళు మూసుకుని మొహం కడుక్కుంటే తూలిపోతోంది. నేను చెప్పానని అనకు.


దాణా మిల్లు, పరీక్షల గది
ఉత్తరం అందిన రోజే

వదినా,

ఎవరు చెప్పారని అడగకు. నువ్వు గోడ పట్టుకుని నడుస్తున్నావు. నాకు సుద్దముక్క జారిందని కథ చెబుతున్నావు.

అన్నయ్యకి ఫోను చేశాను. ఆయన సంగతి నీకు తెలుసుగా, పది ప్రశ్నలకి ఒక ఊ. చివరికి "ఒక విషయం ఉందే, కానీ ఒట్టు వేశాను" అన్నాడు. ఎంత బతిమాలినా మిషను చప్పుడే వినిపించింది. ఏమిటా ఒట్టు?

ఇక నా మనసులో ఉన్నది చెబుతాను, కోప్పడకు. ఇనుముకి లొంగని రక్తహీనత, తెల్ల కణాలు తగ్గడం, కాళ్ళు తూలడం. ఈ మూడూ కలిపి చూస్తే నాకు రాగి కనిపిస్తోంది. మరి ఇంత పద్ధతిగా తినే మనిషికి రాగి ఎందుకు తగ్గుతుంది? నువ్వే నేర్పావు, పట్టికలో పక్కపక్క గదులవాళ్ళకు పోలికలూ ఉంటాయి, గొడవలూ ఉంటాయని. ఇరవై తొమ్మిదిలో రాగి, ముప్పైలో జింకు. జింకు మరీ ఎక్కువగా లోపలికి వస్తే పేగు గోడ దాన్ని ఆపడానికి కాపలావాళ్ళను పెంచుకుంటుంది. ఆ కాపలావాళ్ళు జింకు కంటే రాగినే గట్టిగా పట్టుకుంటారు. పేగు పొర ఊడినప్పుడు వాళ్ళతో పాటు రాగి కూడా బయటికి పోతుంది.

కాబట్టి నీ నోట్లోకి వెళ్ళే ప్రతి వస్తువూ నాకు తెలియాలి. తిండి ఒక్కటే చాలదు. మాత్రలు, టానిక్కులు, చిట్కా పొడులు, ఏ గిన్నెలో వండుతున్నావు, ఏ నీళ్ళు తాగుతున్నావు, అన్నీ.

ఇంకొకటి. నువ్వు రాసిన వాటిలో కొరికి తినేది ఒక్కటి కూడా లేదేం? అన్నీ చంటిపిల్ల తిండే. గింజలు పంచేశావు. నువ్వు గింజలు పంచడం నేనెప్పుడూ చూడలేదు.

తక్కెడ


ఇల్లు

అమ్మాయ్,

నా పళ్ళెంలో వేలు పెట్టకు. మెత్తగా తింటే తప్పా, గట్టిగా తింటే ఒప్పా? వయసొస్తే అరుగుదల తగ్గుతుంది, అది కూడా నీ పరీక్షల గదిలో తూచాలా? గొర్రెలకు దాణా కలిపే చేత్తో నాకూ కలుపుతానంటున్నావు. నీకు అ, ఆలు నేర్పినట్టు మూలకాలు నేర్పిన దాన్ని నేను. జింకు మాత్ర నా ఇంట్లో ఒక్కటి లేదు. టానిక్కు లేదు. స్టీలు గిన్నెలు. మున్సిపాలిటీ నీళ్ళు. చాలా?

మెడ ఎముక నరాన్ని నొక్కుతోందేమో అని పెద్ద ఆసుపత్రిలో అంటున్నారు. ఆపరేషను చేస్తారట. వచ్చే నెల మొదట్లో రోజు కూడా ఇచ్చారు. చేయించుకుంటాను, లేచి నడుస్తాను, మెట్లు ఎక్కుతాను. ఇందులో రెండో మాట లేదు.

మీ అన్నయ్యకు ఇక కవర్లు ఇవ్వను. నేనే వెళ్ళి పోస్టు చేస్తాను.

వదిన


దాణా మిల్లు, పరీక్షల గది
సెలవు రోజు, ఎవరూ లేరు

వదినా,

నీ ఉత్తరం మీద మట్టి ఉంది. పోస్టు డబ్బా దాకా వెళ్ళి పడ్డావన్నమాట. ఒంటికాలి మీద లేచే మనిషివి, ఇప్పుడు రెండు కాళ్ళ మీద నిలబడలేకపోతున్నావు. నువ్వు తిట్టినందుకు నాకు బాధ లేదు. నీ తిట్లలో మునుపటి జోరు లేదు, దానికే భయం వేసింది.

ఒక మాట నీకు దాచాను. ఆ గొర్రెపిల్లలు లేవలేదు. రాగి సరిచేసిన దాణా ఇచ్చాం, మందు ఇచ్చాం, కాపరి వాటిని ఎత్తుకుని పాలు పట్టాడు. అయినా లేవలేదు. వాటికి మొదలే ఆలస్యమైపోయింది. నీ రెండో ఉత్తరం చదువుతుంటే నా కళ్ళకు ఆ వెనక కాళ్ళే కనబడ్డాయి. అందుకే వాటి సంగతి మళ్ళీ ఎత్తకుండా తప్పించుకున్నాను. నువ్వు గొర్రెపిల్లవి కావు, పెద్దవాళ్ళకు వేళకు పట్టుకుంటే నరాల జబ్బు అక్కడితో ఆగుతుందని చదివాను. కానీ వేళకు పట్టుకోవాలి.

నీ మెడ నిజంగానే నొక్కుకుంటోందేమో, నాకు తెలియదు. డాక్టర్ల కంటే ఎక్కువ తెలుసనీ అనను. నేనడిగేది ఒక్కటే. కత్తి పడకముందు రక్తంలో రాగి ఎంత, జింకు ఎంత అని చూడమని డాక్టరమ్మను అడుగు. ఒక్క సీసా రక్తం. నాకు పిచ్చి పట్టిందని తేలితే నువ్వు నవ్వు, నేను ఉత్తరం రాసి క్షమాపణ అడుగుతాను, నువ్వు దాన్ని గోడ మీద ఏ గడిలోనైనా అతికించుకో.

నువ్వు మెట్లు ఎక్కాలని నీకెంత పట్టుదల ఉందో నాకూ అంతే ఉంది. మనిద్దరం ఒకే వైపు లాగుదాం.

నీ తక్కెడ


వంటగది బల్ల
ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు

తక్కెడా, నా తల్లీ,

కూర్చుని చదువు.

నిన్న ఆపరేషనుకు ముందు చేసే పరీక్షలకు వెళ్ళాను. ఒక నర్సు ప్లాస్టిక్ డబ్బా పట్టుకొచ్చి, "కట్టుడు పళ్ళుంటే ఆ రోజు తీసి ఇందులో వేయాలమ్మా, ఉన్నాయా?" అని అడిగింది. లేవన్నాను. ఆమె రాసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళింది. పక్క మంచం ముసలాయన చక్కగా తీసి డబ్బాలో వేసి, నోరంతా తెరిచి నా వైపు చూసి నవ్వాడు. నాకు సిగ్గుతో తల వాలిపోయింది.

ఉన్నాయి. పై వరస మొత్తం కట్టుడు పళ్ళే. నిరుడు చిగుళ్ళ జబ్బు వచ్చి తీయించేశాను. నీకు చెప్పలేదు. మీ అన్నయ్య చేత కుట్టుమిషను మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించాను.

ఎందుకు దాచానో నీకు తెలుసు. పళ్ళు తోమకుండా కాల్షియం పాఠానికి వచ్చావా అని నిన్ను పెరట్లోకి తరిమిన దాన్ని నేను. మీ అమ్మ ఎప్పుడూ అనేది, మా వాడు పిల్ల పలువరస చూసి ఒప్పుకున్నాడని. ఇంకెవరికి తెలిసినా తట్టుకునేదాన్నేమో, నీకు తెలియడం ఇష్టం లేకపోయింది.

చిగుళ్ళు కుంచించుకుపోయి ఆ సెట్టు వదులైంది. ఒకరోజు తరగతిలో ఫ్లోరిన్ అంటుండగా జారి నాలుక మీద పడింది. తుమ్మొచ్చినట్టు రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాను. అప్పుడు పరుగెత్తగలిగేదాన్ని. ఆ రోజు నుంచీ పళ్ళు అతికించే పేస్టు దట్టంగా రాయడం మొదలుపెట్టాను. ప్రతి పీరియడు ముందూ, భోజనం ముందూ, ఎవరైనా ఇంటికొస్తే తలుపు తీసే ముందూ. మామూలు మనిషికి వారాల తరబడి వచ్చే ట్యూబు నాకు రెండో రోజుకే చుట్టుకుపోతుంది. ఫోనులో స, ఫ పలికితే నీకు తెలిసిపోతుందనే ఉత్తరాల వేషం వేశాను.

నిన్న ఇంటికొచ్చి ఆ ట్యూబు చేతిలోకి తీసుకున్నాను. "నోట్లోకి వెళ్ళే ప్రతి వస్తువూ" అన్నావుగా, ఆ మాట నన్ను వదల్లేదు. కళ్ళజోడు మీద భూతద్దం పెట్టి వెనకాల చిన్న అక్షరాలు చదివాను. అందులో జింకు ఉంది.

ప్రతి ముద్దకూ మూలకాలు లెక్కకట్టాను. పేస్టు తిండి కాదు కదా అని దాని వైపు చూడనైనా లేదు. అది పొద్దస్తమానం కరిగి నా గొంతులోకి దిగుతూనే ఉంది. సీసం గడికి బోర్డు పెట్టిన పిల్లకున్న జాగ్రత్త కూడా నాకు లేకపోయింది. పైగా రాగి ఉన్న గింజలన్నీ కొరకలేక మానేశాను. ఇంటి ముందు తలుపు మూసి దొడ్డి తలుపు తెరిచానన్నమాట.

పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి సెట్టూ ట్యూబూ బల్ల మీద పెట్టాను. ఆమె నన్ను తిట్టలేదు. "కట్టుడు పళ్ళున్నాయా అని మొదటి రోజే అడిగాను కదమ్మా" అంది. అడిగింది, నిజమే. రాగికీ జింకుకీ రక్తం తీసుకున్నారు. ఆపరేషను ఆపించింది. పేస్టు ఆ నిమిషం నుంచే బంద్.

ఇప్పుడు నోట్లో పై వరస లేకుండా రాస్తున్నాను. మీ అన్నయ్య ఎదురుగా కూర్చుని బొత్తాం కుడుతున్నాడు. ఒట్టు తీసేశానని చెబితే, ఆయన ఇన్నాళ్ళకు నోరు విప్పి అన్న మాట, "హమ్మయ్య."

భయంగా ఉందే. ఆలస్యమైపోయిందేమో.

నీ వదిన


దాణా మిల్లు, పరీక్షల గది

వదినా,

పళ్ళు నూరుకుంటూ చదివాను. నాకైనా ఉన్నాయిగా.

నవ్వావా? నవ్వు. నేను చదివి ఏడ్చాను, తర్వాత నీ రుమాలు సంగతి తలుచుకుని నవ్వాను, తూకాల ఆయన నీళ్ళు తెచ్చిచ్చాడు. అన్నయ్య నిన్ను చూడటానికి వచ్చినప్పుడు నేను కూడా వచ్చాను, మరిచిపోయావా? ఇంటికి వెళ్ళేటప్పుడు ఆయన నాతో అన్నది, "ఎంత గట్టిగా మాట్లాడుతుందే ఈ పిల్ల!" అని. పలువరస మాట అమ్మ కల్పించి ఉంటుంది. ఆయన ఇష్టపడింది నీ నోటిని, వదినా. అది ఎక్కడికీ పోలేదు.

ఇక చేయాల్సింది చూద్దాం. రిపోర్టు రాగానే రాయి. రాగి మందు ఎంతో డాక్టరమ్మ చెప్పినంతే, సొంత లెక్కలు వద్దు, నీకు ఒక చెంచా ఎక్కువేసుకునే అలవాటుంది. కొత్త సెట్టు కొలతకు సరిగ్గా చేయించుకో, అది అమరితే పేస్టు అవసరమే ఉండదు. అప్పటిదాకా వేరుశెనగ మెత్తగా పొడి చేసి పంపుతాను, నువ్వులు కూడా. నమలక్కర్లేదు.

ఆలస్యమైందో లేదో నాకు తెలియదు. ఈసారి నీకు అబద్ధం చెప్పను. కానీ నువ్వు పోస్టు డబ్బా దాకానైనా నడిచావు. ఆ గొర్రెపిల్లలు నాలుగడుగులకు మించి వేయలేదు.

తక్కెడ


పై అంతస్తు, రసాయన శాస్త్రం గది
చలి తగ్గుముఖం పట్టిన రోజులు

తక్కెడకు,

రక్తంలో రాగి దాదాపు అడుగంటింది, జింకు పొంగిపోతోంది. నువ్వు చెప్పిన రెండు గదుల గొడవే. మందు మొదలుపెట్టాక రక్తం త్వరగానే కోలుకుంది, డాక్టరమ్మ రిపోర్టు చూసి బల్ల మీద చరిచింది. కాళ్ళ సంగతి మాత్రం సూటిగా చెప్పింది. ఇక దిగజారదు, కొంత తిరిగొస్తుంది, ఎంతన్నది చెప్పలేం, పూర్తిగా రాకపోవచ్చు. సరే, ఎంత వస్తే అంత వసూలు చేస్తాను అన్నాను.

మీ అన్నయ్య నాకోసం గట్టి కాన్వాసు గుడ్డతో నడుముకు పట్టీ కుట్టాడు, వెనకాల పట్టుకోవడానికి రెండు పిడులు పెట్టి. పొద్దున్నే వీధి చివరిదాకా నడక, వెనకాల ఆయన. మిషను వదిలి వీధిలోకి వచ్చిన మనిషిని చూసి వీధంతా బయటికొచ్చింది.

కొత్త సెట్టుకు ఇంకా టైముంది, చిగుళ్ళు కుదుటపడాలట. అంతవరకు సెలవు పెట్టమంది హెడ్మిస్ట్రెస్. పెట్టలేదు. సోమవారం చేతికర్ర పట్టుకుని, రెయిలింగు పట్టుకుని, మధ్యలో కూర్చుని, మెట్లు ఎక్కాను. పళ్ళు లేకుండానే తరగతిలోకి వెళ్ళాను. నోరు తెరవగానే ముందు బెంచీ వాళ్ళు తలలు దించుకున్నారు, నవ్వు ఆపుకోలేక. "నవ్వండి, కానివ్వండి" అన్నాను. పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వడం అయ్యాక మొత్తం చెప్పాను, పళ్ళు, పేస్టు, దాచడం, డాక్టరమ్మకు ఆడిన అబద్ధం, పడటం. ఎవరూ నోట్సు రాసుకోలేదు, కానీ ఈ పాఠం వీళ్ళు పరీక్షలో తప్పరు.

చివర్లో ఆ సీసం పిల్ల లేచి, "మేడం, ఆ ట్యూబు ఉందా?" అంది. సంచిలోంచి తీసిచ్చాను. వెళ్ళి జింకు గడిలో అతికించింది. ఆ గడిలో అంతకుముందు గుమ్మడి గింజలున్నాయి. వాటిని తీయలేదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. కింద ఇలా రాసింది: "ఇంత కావాలి. ఇంత వద్దు."

ఆదివారం ఫోను చేస్తాను. స, ఫ లు నీ చెవిలో ఊదినట్టుంటాయి, సిద్ధంగా ఉండు.

నీ వదిన


ఇల్లు
ఆదివారం, ఫోను పెట్టేశాక

వదినా,

నీ మాటల్లో సగం అర్థం కాలేదు. ఫాస్ఫరస్ అన్నావో పాపం రాస్కో అన్నావో తెలియదు. మిగతా సగం అరుపు అర్థమైంది. ఫోను చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది, ఎంత హాయిగా ఉందో!

వచ్చే ఆదివారం మళ్ళీ చెయ్యి. ఉత్తరం రాయడం మాత్రం మానకు.

తక్కెడ


పై వరండా, గోడ పక్కన
ఏడాది చివరి పనిరోజు

తక్కెడకు,

ఇది ఫోనులో చెప్పబుద్ధి కాలేదు.

కొత్త పళ్ళు అమరాయి. పేస్టు అక్కర్లేదు. గడువు ముగిసిందని హెడ్మిస్ట్రెస్ ఈరోజు స్వయంగా పైకొచ్చింది. నేను అప్పటికే పైనే ఉన్నాను. ఆవిడే రొప్పుతోంది. కాసేపు గోడ చూసింది, జింకు గడి దగ్గర ఆగి చదివింది. "వచ్చే ఏడు కూడా మీకు పైనే టైంటేబుల్ వేయనా?" అని అడిగింది. వేయమన్నాను. అయితే ఒక గడి ఇంకా ఖాళీగా ఉందేం, మొదటిదే వదిలేశారు అంది.

ఇప్పటిదాకా నీకు కూడా చెప్పని సంగతి ఇది. తీరిక లేక కాదు ఆ గడి ఆగిపోయింది. దాన్ని అందుకోవాలంటే నేను మునివేళ్ళ మీద లేవాలి. గోడ గీసిన మొదటి రోజే లేవబోయి వెనక్కి పడబోయాను. కాళ్ళు నావి కావని ఆ రోజే తెలిసింది. పొడుగు పిల్లలు పెడతామన్నారు, స్టూలు తెస్తామన్నారు, తిట్టి పంపాను.

పిల్లలందరూ సంచులు సర్దుకుని బయటికి వచ్చారు. నీళ్ళ చుక్క బొమ్మ హాజరు పుస్తకంలోనే దాచుకున్నాను, అంచులు ముడతలు పడ్డాయి. ఎడమ చేత్తో కర్ర మీద బరువు వేశాను. నడుముకు మీ అన్నయ్య పట్టీ ఉంది, సీసం పిల్ల వెనకాల పిడి పట్టుకుంది. వదిలెయ్ అన్నాను. వదల్లేదు. మళ్ళీ అన్నాను, వదిలింది.

మడమలు లేచాయి. పిక్కలు వణికాయి, పాదాల కింద నేల ఉందో లేదో ఇప్పటికీ నాకు సరిగా తెలియదు, కళ్ళతో చూసుకుని నిలబడాలి. కానీ ఆ క్షణం నేను కిందికి చూడలేదు, గడి వైపు చూశాను. చెయ్యి అందింది. అతికించాను. మడమలు దిగాక గోడకు ఆనుకుని కాసేపు ఊపిరి తీసుకున్నాను. పిల్లలు చప్పట్లు కొట్టలేదు, అందరూ నా కాళ్ళ వైపే చూస్తున్నారు.

చుక్క వంకరగా అతికింది. ఎవరూ సరిచేయకూడదని చెప్పి వచ్చాను.

నీ వదిన